కారింది ఏ నీరు?

బాయిలర్ కింద తడి కనిపించగానే ఎక్కడ కారుతోందని అడుగుతారు అందరూ. ఈ పనిలో నాకు అంతకంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది: కారింది ఏ నీరు?

లండన్ ఇళ్లలో వంటగది గోడకు బిగించి ఉండే కాంబీ బాయిలర్ కుళాయికి వేణ్నీళ్లూ ఇస్తుంది, రేడియేటర్లనూ వేడి చేస్తుంది. ఆ పెట్టెలో మూడు రకాల నీళ్లు పక్కపక్కనే ఉంటాయి. వీధి పైపు నుంచి వచ్చి కుళాయికి పోయే నీరు ఒకటి. రేడియేటర్లలో ఏళ్ల తరబడి తిరుగుతూ ఉండేది రెండోది. గ్యాసు మండాక పొగలోని ఆవిరి చల్లబడి చుక్కలయ్యే కండెన్సేట్ మూడోది. ఆ ఆవిరి వేడిని కూడా వాడుకునే బాయిలర్లనే బిగించాలని ఇంగ్లండ్‌లో 2005లో నిబంధన వచ్చింది. అందుకే ఇప్పుడు గ్యాసు బాయిలర్ ఉన్న చాలా ఇళ్లలో ఈ మూడో నీరు ఉంటుంది.

వీటి జాడలు వేరు. లండన్ కుళాయి నీరు ఆరిన చోట తెల్లటి సున్నం పేరుకుంటుంది. రేడియేటర్ నీరు తుప్పు రంగు చార వదులుతుంది. కండెన్సేట్ చూడ్డానికి తేటగానే ఉంటుంది కానీ ఆమ్లం. నీలి లిట్మస్ కాగితం పెడితే ఎర్రబడుతుంది, పడిన చోట లోహాన్ని మెల్లగా తినేస్తుంది.

ఈస్ట్ హామ్‌లో మన పిల్లలు కొందరు కలిసి అద్దెకుంటున్న ఇంటికి వెళ్లాను. "అన్నా, కొత్త బోర్డు వేశారు, మళ్లీ పోయింది" అన్నారు. బాయిలర్ అడుగున ఉండే ఎలక్ట్రానిక్ బోర్డు మూత తీస్తే పిన్నులన్నీ పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. మొదటిసారి హెయిర్ డ్రయర్‌తో ఆరబెడితే కొన్నాళ్లు నడిచిందట. నీరు ఆరిపోయినా అందులోని లవణాలు బోర్డు మీదే ఉండిపోతాయి. గాలిలో చెమ్మ తగలగానే కరెంటు వాటి మీదుగా దారి తప్పుతుంది. కారే చోటు పట్టుకోకుండా కొత్త బోర్డు వేసి డబ్బు తీసుకోవడం నా దృష్టిలో అన్యాయం.

రేడియేటర్ నీటి ప్రెషర్ చూపే ముల్లు పడిపోతోందని పిల్లలు నాలుగు రోజులకోసారి నీళ్లు ఎక్కిస్తున్నారు. అలా ఎక్కించిన ప్రతిసారీ కొత్త ఆక్సిజన్ లోపలికి పోయి రేడియేటర్లు ఇంకా తుప్పుపడతాయి. బాయిలర్ కింద రేడియేటర్లకు పోయే, వచ్చే రెండు వాల్వులూ రాత్రికి కట్టేసి వచ్చాను. పొద్దున్నకి ముల్లు దిగిపోయింది. అంటే లీకు నేల కింద పైపుల్లో లేదు, బాయిలర్‌లోనే ఉంది. వేడెక్కినప్పుడు ముల్లు 3 బార్ దాకా ఎగబాకి ఉంటే వేడికి ఉబ్బే నీటికి చోటిచ్చే ఎక్స్‌పాన్షన్ వెసెల్‌ను అనుమానించేవాణ్ణి. ఇక్కడ అలా లేదు.

లోపలంతా పొడిగా తుడిచి, ప్రతి జాయింటుకూ టిష్యూ ముక్క చుట్టి, హీటింగ్ వేసి కూర్చున్నాను. తొందరపడితే ఈ పని కుదరదు. నీరు పైపు వెంట జారి ఎక్కడో వంపు దగ్గర చుక్కగా రాలుతుంది, చుక్క రాలిన చోటే లీకు అనుకుంటాం. అన్నిటికంటే పైన తడిసిన చోటు కావాలి మనకు. చివరికి గాలిని బయటికి వదిలే చిన్న వాల్వు దగ్గరి టిష్యూ మీద గోధుమరంగు చుక్క తేలింది. అక్కడినుంచి చార పైపు వెనకగా దిగి, సరిగ్గా బోర్డు పెట్టె మీద ముగుస్తోంది. ముందు నిలబడి చూస్తే కనిపించదు, వెనక్కి చిన్న అద్దం పెట్టి టార్చి వేయాలి.

ఇక్కడ ఇంటి ఓనర్లు గ్యాసు పరికరాలను ఏటా తనిఖీ చేయించాలని చట్టం. అయినా పిల్లల భయం డిపాజిట్ గురించే. నీళ్లు మీరే ఎక్కువ ఎక్కించి పాడుచేశారని ఓనర్ అన్నాడట. ఆ చారను గోటితో గీకితే పొర కింద పొర లేచింది. ఆ పిల్లలు ఇంట్లో దిగింది సెప్టెంబరులో. పొరపొరలుగా గట్టిపడ్డ ఆ తుప్పు వాళ్ల కంటే పాతది. వాల్వు, చార, బోర్డు ఒకే వరసలో కనిపించేలా ఫోటోలు తీసి, ఏది కారిందో, ఎన్నాళ్లుగా కారి ఉండాలో రాసి ఓనర్‌కు పంపాను. వాల్వుకూ బోర్డుకూ డబ్బు ఆయనే కట్టాడు.