కళాపూర్ణుని తల్లి

పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయమునందు నాయకుఁడు కళాపూర్ణుఁడు. అతని తల్లి యెవరు? ప్రశ్నము సులభముగాఁ దోఁచును; ప్రత్యుత్తరము మాత్రము చదువరిని క్షణకాలము నిలిపివేయును. తల్లి మణిస్తంభుఁడను పురుషుఁడు. తండ్రి సుముఖాసత్తి యను స్త్రీ. బ్రహ్మ సరస్వతితో వినోదముగాఁ జెప్పిన కథలో నీమాట పొడుపుకథవలె వినఁబడును. కావ్యమునందో, అదియే జరిగిన చరిత్రము.

ఈ తల్లిని గూర్చి రెండభిప్రాయములు కలుగుటకు వీలున్నది. అద్భుతరసముకొఱకుఁ గల్పించిన గారడి యని యొకటి. శృంగారము శ్రుతి మించి పుట్టిన చమత్కార మని మఱియొకటి. రెండును గ్రాహ్యములు కావని నా తలంపు. ఈ మాతృత్వము పాత్రల నామములనుండియే పుట్టినది. శబ్దము యొక్క లింగమునకును, అర్థము యొక్క ధర్మమునకును గల వైరుధ్యమును సూరన కథగా మలఁచెను. అట్లు మలఁచుటకు అతనిఁ బ్రేరేపించినది తెలుఁగుభాష యొక్క స్వభావము.

కథాంశమును సంగ్రహముగా స్మరింతము. నంద్యాల కృష్ణరాజునకు అంకితమై, ఎనిమిది యాశ్వాసములుగా వెలసిన యీ పదునాఱవ శతాబ్దపు కావ్యమున శాలీనుఁడు, సుగాత్రి యను దంపతులు గలరు. వారే శారదానుగ్రహమున మణిస్తంభుఁడును సుముఖాసత్తియు నైరి. వారి ప్రణయమునందే స్త్రీపుంభావములు తాఱుమాఱై, స్త్రీత్వము నొందిన మణిస్తంభుని గర్భమునఁ గళాపూర్ణుఁ డుదయించెను. బ్రహ్మ చెప్పిన కథకు మూలమైన సన్నివేశము మిక్కిలి చిన్నది. సరస్వతి ముఖము రత్నస్తంభమునకు సమీపించినది. స్తంభమున నిండుచంద్రునివంటి ప్రతిబింబము పుట్టినది. ఆ ప్రతిబింబమే కళాపూర్ణుఁడు.

ఇఁక నామములను విడఁదీసి చూతము. సుముఖము యొక్క ఆసత్తి సుముఖాసత్తి. ఆఙ్ పూర్వకమైన సద్ధాతువుపైఁ గ్తిన్ ప్రత్యయము చేరఁగా నాసత్తి యగును. సామీప్య మని యర్థము. క్తిన్నంతము నిత్యస్త్రీలింగము. స్తంభశబ్దమో, పుంలింగము. కాఁబట్టి శబ్దములను బట్టి చూచినచో సామీప్యము స్త్రీ, స్తంభము పురుషుఁడు. అర్థమును బట్టి చూచినచో నిది తలక్రిందగును. ప్రతిబింబమును గలిగించునది ముఖసామీప్యము; అది కర్తృస్థానీయము. ప్రతిబింబము దేనియందుఁ బుట్టి నిలుచునో యది స్తంభము, అది యధికరణము. బీజము నిచ్చునది తండ్రి, తనయందు ధరించునది తల్లి యని లోకమర్యాద. ఆ మర్యాద ననుసరించి స్తంభమే తల్లి కావలెను.

ఈ విచారము నా స్వకపోలకల్పితము కాదు. స్త్రీప్రత్యయ ప్రకరణారంభమున మహాభాష్యకారుఁడు లింగమనఁగా నేమి యని దీర్ఘముగాఁ జర్చించెను. అవయవచిహ్నములను బట్టి లింగనిర్ణయము చేసినచో అచేతనములకు లింగ మెట్లు కలుగు నని శంకించి, లోకమున స్త్రీశబ్ద మధికరణార్థమునను, పుంశబ్దము కర్త్రర్థమునను సిద్ధించు నని యాయన వివరించినాఁడు. గర్భము దేనియందు ఘనీభవించునో యది స్త్రీ, పుట్టించువాఁడు పుమాంసుఁడు. కళాపూర్ణుని తల్లిదండ్రుల చరిత్ర మంతయు నీ రెండు వాక్యముల కుదాహరణమువలె నున్నది. సూరన భాష్యమును ముందుంచుకొని కథ యల్లె నని నేను వాదింపను. శబ్దతత్త్వ మెఱిఁగిన కవికి శాస్త్రము చూపిన చోటనే కథయుఁ గనఁబడె నని మాత్రము చెప్పవచ్చును.

ఇచట నొక శంక కలుగవచ్చును. సంస్కృతమున శబ్దలింగమునకు, అర్థమునకు వైరుధ్యము సర్వసాధారణము కదా! భార్యను జెప్పు దారశబ్దము పుంలింగము, కళత్రశబ్దము నపుంసకము. దానిఁ జూచి యెవ్వరు నాశ్చర్యపడరు. మఱి సుముఖాసత్తీ మణిస్తంభుల విషయమున మాత్ర మేల యింత యద్భుతము? సమాధానము తెలుఁగున నున్నది. తెలుఁగున లింగము శబ్దమును గాక యర్థము ననుసరించును. 1858లో వెలువడిన బాలవ్యాకరణమునఁ జిన్నయసూరి చేసిన మహత్, మహతీ, అమహత్ విభాగ మీ స్వభావమునే నిరూపించుచున్నది. తెలుఁగున స్తంభము జడము గనుక అమహత్తు. మువర్ణకమును దొలఁగించి డువర్ణకమును జేర్చినతోడనే రాతికంబము పురుషుఁ డయ్యెను. ఇట్లు పురుషుఁడైనవాఁడు ప్రతిబింబమును ధరింపవలసి వచ్చినపుడు, దారశబ్దమువలె లింగము నొకవైపున, అర్థము నొకవైపున నిలిపి తప్పించుకొనుటకుఁ దెలుఁగున వీలు లేదు. అతఁడు నిజముగా స్త్రీ కావలసినదే. సంస్కృతమున వ్యాకరణవిశేషముగా మిగిలెడి యంశము తెలుఁగునఁ గథ యయ్యెను. ఈ కావ్యమును స్వతంత్రకల్పన యనుట కిది బలమైన యుపపత్తి.

పురాణములందుఁ బురుషులు తల్లులైన కథలు లేకపోలేదు. యువనాశ్వుఁడు మంత్రజలమును దెలియక త్రాగి మాంధాతను గనెను. భంగాస్వనుఁ డింద్రుని కోపమునకు గుఱియై స్త్రీ యయ్యెను. స్త్రీగాఁ గన్న బిడ్డలపైనే తనకు మక్కువ యెక్కువ యని చెప్పెను. సుద్యుమ్నుఁడు పార్వతీవనమునఁ బ్రవేశించి ఇళ యై పురూరవునకుఁ దల్లి యయ్యెను. ఈ మూఁడింటను స్త్రీత్వము పొరపాటుననో, కోపముననో, నిషేధోల్లంఘనముననో వచ్చిపడినది. పైగా మార్పు నొందినది యొక్కరే. సూరన కథలో నిది దంపతుల యనురాగమునఁ గలిగినది, ఇరువురికిని గలిగినది. ఒకరు కోల్పోయినదే యింకొకరు పొందిరి. దీనిని దండనముగా గాక వినిమయముగాఁ జూపుట సూరన చేసిన క్రొత్తదనము.

ఈ వినిమయమునకు శాలీనుని శీలము ముందుగానే తగిన భూమిక యయ్యెను. శాలీనశబ్దమును బాణిని అధృష్టుఁడను నర్థమున నిపాతనముచే సాధించెను. పేరునకుఁ దగినవాఁడే శాలీనుఁడు. సకలాభరణభూషిత యైన సుగాత్రి యెదురుగా వచ్చినను అతనికి ననురాగము కలుగలేదు. తోఁటపనియందు మాత్రము అతని మనసు లగ్నమైనది. ఆమె నగలు విడిచి, తోఁటలోఁ దనతోఁబాటు శ్రమపడినపు డతనికి వలపు పుట్టినది. మొక్కను నాఁటి, నీరు పోసి, పెరుఁగుదలకై యోర్చి యుండువాని స్వభావమున జయించు మగటిమికంటె బోషించు గుణ మధికము. అట్టివాఁడు తల్లి యగుట కథలో నాకస్మికముగాఁ దోఁచినను, శీలమున నాకస్మికము కాదు.

మా బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములవారికిఁ బురుషుఁడు స్త్రీరూపమునఁ గనఁబడుట క్రొత్త కాదు. మొవ్వ మండలమందలి కూచిపూడిలో భాగవతులు తరతరములుగా స్త్రీపాత్రలను దామే ధరించిరి. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) సత్యభామ పాత్రచేఁ బ్రఖ్యాతి గాంచిరి. 1957లో వెలువడిన మాయాబజార్ చలనచిత్రమున ఘటోత్కచుఁడు శశిరేఖ రూపము దాల్చి పెండ్లివారిని ముప్పుతిప్పలు పెట్టిన వైనము మన యింటింటికిఁ దెలిసినదే. అయినను ఇవి యన్నియు వేషములు; అభినయశాస్త్రమున ఆహార్య మనఁబడునవి, లేక మాయచే దాల్చిన రూపములు. రంగము దిగినతోడనే వేషము తొలఁగును. పని తీఱఁగనే మాయ విడును. మణిస్తంభుని స్త్రీత్వ మట్టిది కాదు. దానికి ఫలముగా నొక బిడ్డ పుట్టినాఁడు. వేషము తీసివేయవచ్చును గాని, కన్న బిడ్డను గనలేదని చెప్పరాదు. మన ప్రాంతపు రసికులు భాగవతపు వేషములఁ జూచిన కన్నులతో నీ పాత్రను జూతురేని, ఈ భేదమును మఱవరాదు.

కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వవిచారమును (1914) ప్రకటించిననాఁటినుండి కళాపూర్ణోదయము విమర్శకుల దృష్టిని వీడలేదు. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలసి దీని నాంగ్లమున ననువదింపఁగా నితరదేశీయులకును బరిచిత మైనది. ఇంత జరిగియు, కథను సంగ్రహించి విద్యార్థులకుఁ జెప్పువారు తల్లిని గూర్చిన ఘట్టము వచ్చినపుడు బిడియపడి దాఁటిపోవుట తగదు. శిశువు మధురలాలస పూర్వకథలు చెప్పిన సంగతి యుంచి, నాయకుని జన్మమును విడిచిరేని, కావ్యమునకుఁ బేరైన యుదయమే లోపించును.

దోష మేమియు లేదని నేననను. మాతృవాత్సల్యమును విస్తరించి వర్ణించుట సూరనకు లక్ష్యము కాలేదు. కథాసూత్రము తెగకుండఁ గాపాడుటయందు నిలిచిన యతని చూపు తల్లి హృదయముపై నిలువలేదు. భంగాస్వనుని నోటఁ బలికిన మక్కువవంటిది మణిస్తంభుని నోట వినవలె నని సహృదయుఁడు కోరినచో, ఆ కోరిక న్యాయమే. కాని తల్లి యనఁగా ఫలానా యాకారము గల వ్యక్తి యని గాక, మఱొక జీవమునకుఁ దనయందుఁ జోటిచ్చినవారని నిర్ణయించి, ఆ నిర్ణయమును గథాంతమువఱకుఁ జెదరకుండ నిలిపినవాఁ డతఁడు. రాతికంబమును దల్లిగాఁ జేసిన యా కవికి మన సాహిత్యమునఁ దగిన స్థాన మీయవలె నన్నచో, ముందుగా నా తల్లికిఁ దగిన స్థాన మీయవలెను.