కరువు కథ: 'జూదం' తర్వాత

వాతావరణ మార్పు మీద ఈ మధ్య మన పత్రికల్లో కథలూ కవితలూ విరివిగానే వస్తున్నాయి. సమకాలీన వస్తువు గనుక సంతోషించవలసిందే. కాని వచ్చినవాటిలో ఎక్కువ భాగం రెండు మూసల్లో ఒదిగిపోతున్నాయి. ఒకటి మొక్క కథ. చదువుకున్న యువకుడో, బడిపిల్లలో నాలుగు మొక్కలు నాటుతారు. చివరి పేరాలో వాన కురుస్తుంది. రెండవది ఉరితాడు కథ. బోరెండిన రైతు అప్పులపాలై చివరి పేరాలో చనిపోతాడు. మొదటిదానిలో మనిషి మంచితనానికి మేఘం కరుగుతుంది. రెండవదానిలో మనిషి చేయగలిగింది ఏమీ లేదు. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు కథల్లోనూ మనిషి ఒంటరివాడే. ఊరు లేదు, ఉన్నా దూరంగా నిలబడి చూస్తూంటుంది.

నేను పాఠాలు చెప్పుకునేది పుంగనూరు ప్రాంతపు బడిలో. మదనపల్లె, పుంగనూరు, కుప్పం - పాత చిత్తూరు జిల్లాలోని ఈ పడమటి మెట్టకు ఏడాది పొడుగునా పారే నది లేదు. నైరుతి ఋతుపవనం పడమటి కనుమలు దాటి వచ్చేసరికి డస్సిపోతుంది. ఈశాన్యం తన బరువును చాలావరకు తూర్పునే దింపుకుంటుంది. కింద గట్టి రాయి. నీరు నిలిచేది రాతి పగుళ్ళలోనే. ఇంట్లో ఎన్ని బోర్లు వేశారో, ఎన్ని అడుగులకు ఎంత నీరు పడిందో నా తరగతి పిల్లలకు ఎక్కాలకన్నా బాగా తెలుసు. తిరుచెంగోడు రిగ్గు బండి ఊళ్ళోకి వచ్చిన రాత్రి వాళ్ళు నిద్రపోరు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింటు చూసే మనిషికి నాకన్నా ఎక్కువ గౌరవం ఇస్తారు. అది వేరే సంగతి.

సీమ కథకు కరువు కొత్త వస్తువు కాదు. తానూ బడిపంతులే అయిన మధురాంతకం రాజారాం ఈ జిల్లా పల్లె బతుకును దశాబ్దాల పాటు కథల్లోకి ఎత్తారు. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఆ కథలకే వచ్చింది. సింగమనేని నారాయణ తన కథకు 'జూదం' అని పేరు పెట్టడంలోనే ఒక విమర్శ ఉంది. వానను నమ్మి వేరుశనగ విత్తడం సేద్యమనిపించుకోదు, అది జూదం. అనంతపురం నేల మీద పుట్టిన ఆ మాట మా చెనక్కాయ చేలకూ అంతే వర్తిస్తుంది. దీన్ని నియతివాదం అనుకుంటే పొరపాటు. జూదమన్నాక బల్ల పరిచినవాడు ఒకడుంటాడు; వాడెవడని అడిగే దారిని ఆ పేరు తెరిచిపెట్టింది.

అయితే ఆ జూదంలో రైతుకు ఎదురు కూర్చున్నది ఆకాశం. బోరు వచ్చాక ఎదుటి మనిషి మారాడు. ఇప్పుడు ఎదురు కూర్చున్నది పక్క చేను రైతు. అతను ఆరువందల అడుగులు దింపితే ఇతను ఎనిమిదివందలు దింపుతాడు. ఇద్దరూ తోడేది ఒకే పగుళ్ళలోని నీళ్ళు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. అది రైతాంగానికి దక్కవలసిన ఉపశమనమే, అందులో సందేహం లేదు. కాని నీరు దిగిపోయేకొద్దీ మోటారు పెద్దదవుతుంది, కరెంటు ఎక్కువ తింటుంది. ఆ కరెంటులో ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రపు బొగ్గూ ఉంది. ఆ నీళ్ళతో పండిన టమోటా మదనపల్లె మార్కెట్లో 2023 జులైలో కిలో వంద దాటింది. మరో ఏడు అదే టమోటా కోతకూలి కూడా రాక రోడ్డు పక్కన కుప్పలుగా పడుతుంది. జూదం పోలేదు, భూమిలోకి దిగింది. మన కథ మాత్రం ఇంకా ఆకాశం వైపే చూస్తూంది.

ఇక వ్యక్తిగత బాధ్యత సంగతి. భారతీయుడి తలసరి కర్బన ఉద్గారం ప్రపంచ సగటులో సగానికన్నా తక్కువ. అందులో మా మెట్ట రైతు పాలు ఎంత? అతనికి ప్లాస్టిక్ సంచి మానమని కవిత రాసి వినిపించడం మర్యాద కాదు. అలాగని, "ఇదంతా వ్యవస్థ చేసిన పాపం, వ్యవస్థ మారితే తప్ప ఊళ్ళో చేయగలిగింది లేదు" అని మన మిత్రులు కొందరు వాదించడం కూడా నాకు సమ్మతం కాదు. ఆ వాదం మెట్ట పల్లెల అనుభవం ముందు నిలవదు.

మదనపల్లె చుట్టుపక్కల ఉమ్మడి భూముల మీద చాలాకాలంగా పనిచేస్తున్న 'ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ', అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధనా సంస్థ కలిసి ఆంధ్రప్రదేశ్ మెట్ట పల్లెల్లో రైతుల చేత ఒక ఆట ఆడించాయి. ఆటలో ఒక్కొక్కరూ తమ పంట ఎంచుకోవాలి: తక్కువ నీరు తాగేదా, ఎక్కువ తాగేదా? అందరి ఎంపికా కలిసి కింది నీటిమట్టాన్ని దించుతుంది. ఆట అయ్యాక ఊరంతా కూర్చుని మాట్లాడుకుంటారు. ఏడాది తర్వాత, కాస్త మార్చిన ఆటను మళ్ళీ ఆడారు. ఫలితాలు 2018లో ప్రచురించారు. ఆటగాళ్ళకు వారి వారి ఆటను బట్టి డబ్బిచ్చినా పంట ఎంపికలో తేడా రాలేదు. ఆటలో ఒకరితో ఒకరు మాట్లాడుకోనిస్తే మొదటి ఏడు ఫలితం కనబడలేదు, రెండవ ఏడు కనబడింది. ఆడిన ఊళ్ళలో నీటి పద్దు పుస్తకాలూ, నీటి కట్టుబాట్లూ మిగతా ఊళ్ళకన్నా ఎక్కువగా వచ్చాయి. ఆట ఒక్కటే నీటిని పైకి తేలేదని పరిశోధకులే చెప్పారు. అది నిజాయితీ.

కథకుడికి ఇంతకన్నా మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది? జూదంలో ఒంటరిగా కూర్చున్న రైతు, పక్క చేను రైతుతో కలిసి ఆటకు కూర్చున్నాడు. మొదటి ఏడు మాటలు ఎందుకు పనిచేయలేదు? అన్నదమ్ముల గట్టు తగాదా అడ్డొచ్చిందా? టమోటా వదులుకోనని భీష్మించిన మనిషికి ఏ అప్పు ఉంది? బోరే లేని కూలివాడు ఆ చర్చలో ఎక్కడ కూర్చున్నాడు? పంట మారితే మొదట పోయేది అతని భార్య కోతకూలి. ఈ సంభాషణ రాసిన కథ నాకు ఇంతవరకు తటస్థపడలేదు.

ఇలా అనగానే కొందరు కవులు పాత చెరువును కౌగిలించుకుంటారు. పూర్వం ఊరంతా కలిసి కట్ట పూడ్చేదట, నీరుగంటి అందరికీ సమంగా నీరు కట్టేవాడట. ఆ 'ఊరంతా'లో తట్ట మోసినదెవరు? కుడిమరామత్తు పనికి మనిషిని చట్టంతో కట్టిపడేయడానికి మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టమే చేసింది. కయ్యలకు నీళ్ళు కట్టిన నీరుగంటికి సొంత కయ్య ఉండేది అరుదు. చెరువు ఉమ్మడి ఆస్తి అన్నది నిజం. ఉమ్మడిలో కులం ఉందన్నదీ నిజం. రెండూ రాసినప్పుడే అది వాస్తవికత.

పౌరుడిగా అడగవలసింది కూడా ఉంది. 2002 నాటి జల, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం ప్రకారం బోరు వేయడానికి అనుమతి కావాలి. ఆ అనుమతి ఎలా వస్తుందో, ఎలా రాకుండానే పని జరుగుతుందో పల్లెలో అందరికీ తెలుసు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి కింది ఊళ్ళు కొట్టుకుపోయాయి. మా నిమ్మనపల్లె దగ్గరి బాహుదా నీళ్ళు కలిసేది ఆ చెయ్యేరులోనే. కరువు సీమ అని ముద్రవేసిన నేలకు వరద కూడా వస్తుందని, కట్టను ఎవరు చూస్తున్నారని అడగవలసి ఉందని మన సాహిత్యం ఇంకా పూర్తిగా గ్రహించలేదు.

2025 ఆగస్టులో కృష్ణ నీళ్ళు ఏడువందల కిలోమీటర్లకు పైగా ఎత్తిపోతల మీద నడిచి కుప్పం దగ్గరి పరమసముద్రం చెరువుకు చేరాయి. ఎన్నో ఏళ్ళ కోరిక అది. హారతి ఫోటోలు అందరమూ చూశాం. ఆ చెరువు తూము ఎత్తేటప్పుడు చివరి ఆయకట్టు రైతు ఎక్కడ నిలబడతాడో, అతని వంతు ఎన్నో రోజున వస్తుందో, ఆ వంతు ఎవరు రాస్తారో - కథకులు ఒకసారి ఆ కట్ట మీదికి వెళ్ళి చూసిరావాలి.