ఆ రాయి ఎవరి వైపు వచ్చింది?

ఒక ఆదివారం బుద్ధ వందన అయ్యాక మా కాలనీ విహారంలో పిల్లలకి ‘ఫండ్రీ’ వేశాం. నాగరాజ్ మంజులే తీసిన మొదటి పూర్తి నిడివి మరాఠీ చిత్రం ఇది. 2013లో వచ్చిన ఈ సినిమాకి తొలి చిత్ర దర్శకుడికిచ్చే జాతీయ పురస్కారం దక్కింది. కైకాడీ భాషలో ఫండ్రీ అంటే పంది. మన దగ్గర ఎరుకల కుటుంబాల బతుకు తెలిసినవారికి ఆ ఇల్లు, ఆ వాకిలి కొత్తగా అనిపించవు.

జబ్యా బడికెళ్లే కుర్రాడు. తనతో చదివే శాలూ అంటే ఇష్టం. ఊళ్లోని పందుల్ని పట్టమని పెద్దలు వాళ్ల నాన్న కచ్రూకి చెబుతారు. కూతురి పెళ్లికి డబ్బు కావాలి కాబట్టి కచ్రూ కాదనలేడు. ఇల్లంతా కలిసి పంది వెంట పడుతుంటే ఊరు గట్టున కూచుని తమాషా చూస్తుంది. శాలూ కంట పడకుండా జబ్యా గోడల చాటున దాక్కుంటాడు. పంది దొరకబోయే సమయానికి బడి నుంచి జాతీయ గీతం వినిపిస్తుంది. వాళ్లు ఉన్నచోటే నిలబడిపోతారు. పంది వెళ్లిపోతుంది.

ఇక్కడ మా పిల్లలు పగలబడి నవ్వారు.

చివరికి చిక్కిన పందిని కర్రకు కట్టి మోసుకెళ్తుంటే వెనక గోడమీద బాబాసాహెబ్, సావిత్రీబాయి ఫూలే బొమ్మలు కనిపిస్తాయి. దర్శకుడు ఒక్క మాట కూడా చెప్పించడు. గోడమీదికి ఎక్కిన బాబాసాహెబ్ ఊరి మనసులోకి ఇంకా దిగలేదని మనకి అర్థమవుతుంది. ఆఖర్న జబ్యా, తనని ఏడిపించినవాడి మీదికి రాయి విసురుతాడు. అది కెమెరా వైపు, అంటే మన వైపు వస్తుంది. తెర చీకటవుతుంది.

సినిమాలో నాకు లోటుగా తోచింది ఒకటుంది. శాలూ మనసులో ఏముందో మనకి తెలియదు. జబ్యా తల్లికి, అక్కలకి కూడా దక్కవలసినంత చోటు దక్కలేదు. అవమానం వాళ్లదీ అయినా, కథ మాత్రం కుర్రాడి చూపులోంచే నడిచింది.

సినిమా అయ్యాక ఒక పెద్దాయన అడిగారు: “ధమ్మం చెప్పే చోట రాయి విసిరే సినిమా చూపించొచ్చా?” న్యాయమైన ప్రశ్నే. వైరం వైరంతో చల్లారదని తథాగతుడు చెప్పాడు. ఆ రాయి సరైనదని నేనూ అనను. కానీ హింస రాయితోనే మొదలైందని అనుకోవడం పొరపాటు. అంతకుముందే గట్టుమీద నవ్వు ఉంది. సమ్మా వాచా అంటే అబద్ధమాడకపోవడం ఒక్కటే కాదు, పరుషమైన మాట మానడం కూడా. ఎదుటి మనిషిని చిన్నబుచ్చే నవ్వు కూడా పరుషమైన మాటే అని నా నమ్మకం. రాయిని తప్పుపట్టి నవ్వుని వదిలేస్తే అది కరుణ అనిపించుకోదు.

అసలు సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. పిల్లలు నవ్వుతున్నప్పుడు ఒక్కడు నవ్వలేదు. సాయంత్రం చదువుకోవడానికి మా విహారానికి వచ్చే ఆ బాబు తాతగారు పందులు పెంచేవారు. ఆ విషయం మిగతా పిల్లలకీ తెలుసు. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మనుషులందరూ సమానమని నమ్ముతాననే మాట ఉంది. దాన్ని మనం ప్రతి సభలో చదువుతాం. మెట్ల కులవ్యవస్థలో మనకన్నా పై మెట్టు మీదున్నవాణ్ణి నిలదీయడం నేర్చుకున్నాం. మన పక్కన కూచున్నవాణ్ణి చూసి నవ్వకుండా ఉండటం మన పిల్లలకి నేర్పామా?

తర్వాతి ఆదివారం ఆ బాబు వస్తాడో రాడోనని గుమ్మం వైపు చూస్తూ కూచున్నాను. వచ్చాడు. ఎప్పుడూ ముందు వరసలో కూచునేవాడు, ఆ రోజు చివర కూచున్నాడు. నేను లేచి వెళ్లి వాడి పక్కన కూచున్నాను. కాసేపటికి నవ్విన పిల్లల్లో ఇద్దరు కూడా వచ్చి కూచున్నారు. ఆ రోజు వందన అక్కడి నుంచే చెప్పుకున్నాం.