నీళ్లు చూసి, ఎండ చూసి డెవలపర్

తొర్రూరు చుట్టుపక్కల తండాల్లో మిట్టమధ్యాహ్నం ఫోటో తీయడం బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకు గట్టి పరీక్ష. లంబాడీ అవ్వ అద్దాల రవికె మీద ఎండ భగ్గుమంటుంది. కొంగు నీడలో ఆమె కళ్లు చీకట్లో ఉంటాయి. పక్కనే పత్తి కుప్ప ఉంటే ఇక చెప్పేదేముంది! ఇంత తెలుపునూ అంత నలుపునూ ఒకే నెగెటివ్‌లో నిలబెట్టే పని సగం కెమెరాది, సగం డెవలపర్‌ది.

వెలుగు తగిలిన చోట ఫిల్ములోని వెండి లవణాల్లో కంటికి ఆనని మార్పు జరుగుతుంది. డెవలపర్ ఆ రేణువులను నల్లటి వెండిగా మారుస్తుంది. మిగిలినవాటిని ఫిక్సర్‌గా వాడే హైపో కరిగించేస్తుంది. హైపోకు ఈ గుణం ఉందని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు. ఫోటో తీరు హైపోతో పెద్దగా మారదు. డెవలపర్ మారిస్తే మాత్రం అదే ఫిల్ము వేరే ఫిల్ములా కనిపిస్తుంది.

అందరికీ తెలిసిన డి-76

సినిమా ఫిల్ము కోసం కొడాక్ 1920లలో తయారు చేసిన డి-76 నేటికీ కొలబద్దే. ఇల్ఫర్డ్ వారి ఐడి-11 కూడా దాదాపు ఇదే. లీటరు నీళ్లకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. మెటాల్ నీడల్లోని వివరాలను ముందుగా లేపుతుంది. అలసిన మెటాల్‌కు హైడ్రోక్వినోన్ మళ్లీ బలమిస్తుంది. బోరాక్స్ క్షారం అందిస్తుంది. సల్ఫైట్ మందు పాడవకుండా కాపాడుతూనే వెండి రేణువుల అంచులను కాస్త కరిగించి గ్రెయిన్ (ఫోటోలో రేణువుల గరుకుదనం) తగ్గిస్తుంది.

ఇంట్లో కలిపేవారు వరస తప్పకూడదు. సుమారు 50 డిగ్రీల వేడి నీళ్లు ముప్పావు లీటరు తీసుకుని ముందు చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్ వేయాలి. మెటాల్ పూర్తిగా కరిగాకే మిగతా సల్ఫైట్, ఆపైన హైడ్రోక్వినోన్, చివర బోరాక్స్. సల్ఫైట్ అంతా ముందే పోస్తే మెటాల్ కరగనని మొండికేస్తుంది. చివరగా చల్లటి నీళ్లతో లీటరు చేయాలి. మెటాల్ కొందరి చర్మానికి పడదు, చేతికి తొడుగు తప్పనిసరి.

ఈ మందును చిక్కగా వాడితే గ్రెయిన్ మెత్తగా వస్తుంది. సగం నీళ్లు కలిపితే సల్ఫైట్ కరిగించే గుణం తగ్గి అంచులు పదునుదేరతాయి, గ్రెయిన్ కొంచెం పైకి తేలుతుంది. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ ఫిల్ముకు 20 డిగ్రీల వద్ద చిక్కటి ఐడి-11లో ఏడున్నర నిమిషాలు, సగం పలచన చేస్తే 13 నిమిషాలు.

ఒకటి కావాలంటే ఒకటి వదలాలి

1891 నాటి రోడినాల్ డెవలపర్‌ది మరో దారి. ఒక వంతు మందుకు 25 లేదా 50 వంతుల నీళ్లు కలిపి వాడి పారబోస్తారు. పదును బాగుంటుంది, గ్రెయిన్ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సీసా ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది కనుక ఎప్పుడో ఒక రోలు తీసేవారికి అనుకూలం. పర్సెప్టాల్ అనే డెవలపర్ గ్రెయిన్‌ను బాగా అణుస్తుంది, బదులుగా ఫిల్ము స్పీడు తగ్గుతుంది. 1996లో వచ్చిన ఎక్స్‌టాల్‌లో విటమిన్ సి తరహా మందు ఉంటుంది. స్పీడు, గ్రెయిన్ రెండింటినీ బాగానే నిలబెడుతుంది. లీటరుకు మెటాల్ ఏడున్నర గ్రాములు, సల్ఫైట్ 100 గ్రాములు మాత్రమే ఉండే డి-23 తెలుపును మెత్తగా పట్టుకుంటుంది.

ఆ అద్దాల రవికెకు నేనైతే డి-23, లేదా సగం పలచన చేసిన డి-76 ఎంచుకుంటాను. నీడకు చాలినంత ఎక్స్‌పోజర్ ఇచ్చి డెవలప్ చేసే సమయం ఐదో వంతు తగ్గిస్తాను. ఫిల్ము కడిగే ట్యాంకును మాటిమాటికీ తిప్పను. వెలుగు బలంగా పడ్డ చోట మందు త్వరగా అలసిపోతుంది, నీడలో ఇంకా పనిచేస్తూ ఉంటుంది. కళ్లు లేస్తాయి, అద్దాలు మాడవు.

మన ఎండ, మన నీళ్లు

పుస్తకాల్లోని 20 డిగ్రీలు ఇక్కడ వేసవిలో దొరికే సరుకు కాదు. వేడి పెరిగితే సమయం తగ్గించాలి. 24 డిగ్రీలకే సుమారు మూడో వంతు కోత పడుతుంది. ఐదు నిమిషాలకంటే తగ్గితే మందు ఫిల్ముకు సమంగా అందదు, ఆకాశం మీద మచ్చలు తేలతాయి. అందుకే మన దగ్గర పలచగా, నిదానంగా పనిచేసే మందే మేలు. రంజన్ కుండలోని నీళ్లు తీసుకుని, చాలకపోతే ఐసు ముక్కల మధ్య సీసా పెట్టి చల్లార్చుకోవచ్చు. అయితే డెవలపర్, హైపో, కడిగే నీళ్లు మూడూ దాదాపు ఒకే వేడిలో ఉండాలి. చల్లటి మందులోంచి తీసి ఎండకు కాగిన ఇంటి ట్యాంకు నీళ్లలో పెడితే జెలటిన్ ముడతలు పడుతుంది. ఆ ముడతలు ఇక పోవు.

బోరు నీళ్లలో సున్నం ఎక్కువగా ఉంటే మందులో తెల్లటి మడ్డి దిగుతుంది, ఆరిన నెగెటివ్ మీద చుక్కలు మిగులుతాయి. డెవలపర్‌కూ చివరి కడుగుకూ డిస్టిల్డ్ వాటర్ వాడితే ఈ బాధ ఉండదు.

ఎందుకింత శ్రమ?

ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ సికింద్రాబాద్ స్టూడియో 1880లలో మొదలైంది. ఆయన గాజు నెగెటివ్‌లు వేల సంఖ్యలో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. బాగా కడిగిన వెండి నెగెటివ్‌కు అంత ఆయుష్షు. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో ఫిల్ము, పేపరు అందించిన కాలంలో మన చిన్న పట్టణాల స్టూడియోలకు ఈ విద్య రోజువారీ పని. డిజిటల్ వచ్చాక స్టూడియోలు మిగిలాయి, చీకటి గదులు మూతబడ్డాయి.

కొత్తగా నేర్చుకునేవారు నాలుగు సీసాలు కొని నాలుగు రోల్స్ నాలుగు విధాలుగా కడిగితే తేడా ఫిల్ముదో, మందుదో, వేడిదో తేలదు. ఒక ఫిల్ము, ఒక డెవలపర్ పెట్టుకుని ప్రతి రోలుకూ వేడి, సమయం, ట్యాంకు తిప్పిన తీరు నోటుబుక్కులో రాసుకోవాలి. నీడలు బోసిగా ఉంటే ఎక్స్‌పోజర్ పెంచాలి, తెలుపు మాడితే సమయం తగ్గించాలి. ఈ రెండూ సరిచేసుకున్నాక కూడా గ్రెయిన్ నచ్చకపోతేనో, పదును చాలకపోతేనో అప్పుడు డెవలపర్ మార్చడంలో అర్థం ఉంటుంది. ఏం కావాలో అప్పటికి నెగెటివే చెబుతుంది.