గడప దగ్గరి వెలుతురు

కార్మికుల ఇళ్ల మాట వస్తే అందరూ ముందు గదులు లెక్కపెడతారు. నేను గడప దగ్గర వెలుతురు ఎంతుందో చూస్తాను. మా పెద్దమ్మ బీడీలు చేసేది. చాట ఒళ్లో పెట్టుకుని, తడిపిన తునికాకు కత్తిరించి, జర్దా పోసి చుట్టి దారం కట్టాలంటే కంటికి ఆనే చోటు కావాలి. కిరాయి గదిలో ఆ చోటు దొరకదు. దొరికినా జర్దా ఘాటుకు ఇంటి ఓనరు ఊరుకోడు. బీడీలు చేసేవాళ్లకు ఇల్లే కార్ఖానా. ఇల్లు ఖాళీ చేయమన్నారంటే ఆ వారం కూలీ కూడా పోయినట్టే.

అందుకే సోలాపూర్ పక్కనున్న కుంభారి అంటే నాకు గౌరవం. మగ్గాల మీద బతకడానికి తెలంగాణ నుంచి సోలాపూర్ వెళ్లిన పద్మశాలీ కుటుంబాల్లో ఆడవాళ్లు ఎందరో బీడీ పనిలో కుదురుకున్నారు. అక్కడి బీడీ కార్మికులు గోదూతాయి పరులేకర్ పేరుతో సహకార సంఘం పెట్టుకున్నారు. సీఐటీయూ నాయకుడు, మాజీ ఎమ్మెల్యే నరసయ్య ఆడం ముందుండి నడిపించారు. కుంభారిలో సుమారు 10,000 ఇళ్లు లేచాయి. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వాటిని ప్రారంభించారు. ఇంటికి దాదాపు 60,000 రూపాయలు. అందులో కేంద్రం 20,000, రాష్ట్రం 20,000 ఇస్తే, మిగతా 20,000 కార్మికురాలు పెట్టుకుంది. ఆ తర్వాత అదే బాటలో రేనగర్ వచ్చింది. 30,000 ఇళ్ల ఆ కాలనీలో 15,000 ఇళ్లను 2024 జనవరి 19న ప్రధాని మోదీ అప్పగించారు.

నన్ను ఆకట్టుకున్నది ఇళ్ల సంఖ్య కాదు, పని జరిగిన వరస. ముందు మనుషులు కూడారు, సంఘం కట్టారు, తమ వాటా పోగేశారు. ఆ బలంతోనే ప్రభుత్వాలను అడిగారు. మన దగ్గర ఇల్లు ముందు లేస్తుంది, మనుషులు తర్వాత లాటరీలో వస్తారు. తెలంగాణ డబుల్ బెడ్రూం ఇల్లు 560 చదరపు అడుగులు, మంచి ఇల్లే. కానీ ఒకే బీడీ కంపెనీకి పనిచేసే నలుగురు నాలుగు బ్లాకుల్లో పడితే, ఆకు తెచ్చుకోవడానికి, చేసిన బీడీలు అప్పజెప్పడానికి కలిసి వెళ్లే తోడు పోతుంది. ఇందిరమ్మ ఇళ్ల పథకం సొంత జాగా ఉన్నవాళ్లకు 5 లక్షలు ఇస్తోంది. కిరాయికుండే కూలీకి లేనిదే ఆ జాగా.

కుంభారి పద్ధతికీ ఒక ఇబ్బంది ఉంది. జాగా చవకగా రావాలంటే ఊరు దాటి పోవాలి. బీడీ పనంటే ఇంట్లో కూర్చుని చేసేది కాబట్టి ఆ దూరాన్ని కొంత ఓర్చుకోవచ్చు. రేనగర్లో మరమగ్గాల కార్మికులు, డ్రైవర్లు, చిత్తు కాగితాలు ఏరుకునేవాళ్లు కూడా ఉన్నారు. రోజూ ఊళ్లోకి పోవాల్సిన ఇలాంటివాళ్లకు ఇంటి వాయిదాతో పాటు బస్సు చార్జీ ఇంకో వాయిదా.

కామారెడ్డి, జగిత్యాల, మెట్‌పల్లి లాంటి పట్టణాల్లో ఈ దూరం తగ్గించడం కష్టం కాదు. ఒకే పని చేసేవాళ్లు సంఘం కట్టుకుని, అంతస్తులు లేకుండా వరస ఇళ్లు, ప్రతి ఇంటికీ నలుగురు కూర్చునేంత అరుగు అడగాలి. ఊళ్లో బస్టాండు చుట్టుపక్కల మున్సిపాలిటీకి ఎకరమో రెండెకరాలో జాగా ఉంటే, దాన్ని వేలం వేయకుండా ఆ సంఘానికి లీజుకివ్వాలి.