దురభిప్రాయం – భక్తి – సంఘం: గోర్డన్ ఆల్‌పోర్ట్ వాదనపై విమర్శనాత్మక పరిశీలన

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ (1897–1967) రచించిన ‘ది నేచర్ ఆఫ్ ప్రెజుడిస్’ అనే గ్రంథం 1954లో వెలువడింది. అదే సంవత్సరం మే నెలలో అమెరికా సుప్రీం కోర్టు ప్రభుత్వ పాఠశాలల్లో జాతి ప్రాతిపదికపై పిల్లలను వేరుచేయడం చెల్లదని తీర్పు ఇచ్చింది. దురభిప్రాయాన్ని గూర్చి తరువాత జరిగిన పరిశోధనలు చాలావరకు ఈ గ్రంథంతో ఏకీభవిస్తూనో, విభేదిస్తూనో సాగాయి. ఆల్‌పోర్ట్ హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మాత్రమే కాదు, ఎపిస్కోపల్ సంఘానికి చెందిన విశ్వాసి కూడ. అందుచేత మతాన్ని గూర్చి ఆయన వ్రాసినది ఎగతాళిగా కాక బాధ్యతతో వ్రాసినది. ఆయన వాదనలో మనకు ఉపయోగపడేది ఏమిటి, తెలుగు సంఘానికి యథాతథంగా అన్వయిస్తే కలిగే ప్రమాదం ఏమిటి అనేవి ఈ వ్యాసంలో పరిశీలించబడుతున్నాయి.

1. ఆల్‌పోర్ట్ చెప్పినది

ఆల్‌పోర్ట్ దృష్టిలో దురభిప్రాయం అంటే తప్పుడు సామాన్యీకరణపై ఆధారపడిన, దిద్దుకోవడానికి ఇష్టపడని ద్వేషభావం. ఇందులో రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది, మనుష్యులను వర్గాలుగా చూడడం మనస్సు యొక్క సహజమైన పని. అది లేకుండా దైనందిన జీవితం సాగదు. రెండవది, పొరపాటు అభిప్రాయం ప్రతిదీ దురభిప్రాయం కాదు. కొత్త సాక్ష్యం ఎదురైనప్పుడు మారేది పొరపాటు మాత్రమే; సాక్ష్యాన్ని త్రోసిపుచ్చి నిలిచేది దురభిప్రాయం. “వాళ్లలో ఈయన ఒక్కడే మంచివాడు” అని ఆ వ్యక్తిని మినహాయించి, వర్గంపై తన అభిప్రాయాన్ని యథాతథంగా ఉంచుకొనే అలవాటును ఆయన చక్కగా వివరించాడు. విరిగిన కంచెను బాగుచేసుకొన్నట్లు మనస్సు తన దురభిప్రాయాన్ని బాగుచేసుకొంటుంది.

మతం విషయంలో ఆల్‌పోర్ట్ ఒక వైరుధ్యాన్ని గుర్తించాడు. మతం దురభిప్రాయాన్ని కలిగిస్తుంది, దానిని కూల్చివేస్తుంది కూడ. ఈ చిక్కుముడిని విప్పడానికి ఆయన భక్తిని రెండు విధాలుగా విభజించాడు. హోదా, భద్రత, పరిచయాల కొరకు మతాన్ని వాడుకొనేది బాహ్య భక్తి. మతాన్నే జీవిత లక్ష్యంగా స్వీకరించి దాని ప్రకారం జీవించేది అంతర్గత భక్తి. మైఖేల్ రాస్‌తో కలిసి 1967లో ప్రచురించిన పరిశోధనలో రోమన్ కాథలిక్, లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు మొదలైన ఆరు శాఖలకు చెందిన 309 మంది సంఘస్థుల సమాధానాలను పరీక్షించారు. బాహ్య భక్తి గలవారిలో కంటే అంతర్గత భక్తి గలవారిలో దురభిప్రాయం తక్కువగా కనబడింది. మతానికి సంబంధించిన ప్రతి వాక్యానికీ విచక్షణ లేకుండా “అవును” అన్నవారిలో అది అందరికంటె ఎక్కువగా కనబడింది.

2. ఈ విభజన మనకు ఎందుకు నచ్చుతుంది?

ఈ ఫలితం మన ప్రసంగ వేదికలకు చాలా అనుకూలమైనది. ‘నామకార్థ క్రైస్తవులు’, ‘మారుమనస్సు పొందిన విశ్వాసులు’ అనే విభజన మనకు ముందునుండే ఉన్నది. కాబట్టి సంఘంలో కులభేదం కనబడినప్పుడు, “వారు నిజంగా రక్షణ పొందలేదు” అని సులభంగా చెప్పివేస్తాము. కులం నామకార్థుల సమస్య అవుతుంది. ఉపవాస ప్రార్థనలకు తప్పక వచ్చేవారు, దశమభాగం ఇచ్చేవారు, పెద్దలు, కాపరులు ఆ ఆరోపణ నుండి తప్పించుకొంటారు. హెచ్చరిక అవసరమైనవారికే ఆదరణ దొరుకుతుంది. ఆల్‌పోర్ట్ ఉద్దేశ్యం ఇది కాకపోవచ్చు గాని, ఆయన విభజనను వాడుకొనే తీరు ఇదే. ఈ ఆదరణకు ఆధారం ఎంత?

3. చెప్పేది, చేసేది

ఆల్‌పోర్ట్, రాస్‌ల పరిశోధనకు ఆధారం ప్రశ్నావళి, అనగా మనుష్యులు తమను గూర్చి తాము చెప్పుకొన్న మాట. ఈ మాటకూ క్రియకూ మధ్య ఉన్న దూరాన్ని రిచర్డ్ లాపియర్ 1934లోనే చూపించాడు. ఆయన ఒక చైనీయ దంపతులతో కలిసి అమెరికా అంతటా ప్రయాణించాడు. వారు వెళ్లిన 251 హోటళ్లు, భోజనశాలలు, ఇతర బసలలో ఒక్కచోట మాత్రమే తిరస్కారం ఎదురైంది. కొన్ని నెలల తరువాత, “చైనీయులను చేర్చుకొంటారా?” అని ఉత్తరం వ్రాసి అడిగితే, జవాబిచ్చినవారిలో 90 శాతానికి పైగా “చేర్చుకోము” అన్నారు. ఇక్కడ మాట చెడ్డది, క్రియ మెరుగైనది. సంఘంలో తరచుగా దీనికి విరుద్ధంగా జరుగుతుంది: మాట మంచిది, క్రియ వేరు. రెండు సందర్భాల్లోను నేర్చుకోవలసిన పాఠం ఒక్కటే: మాటను బట్టి క్రియను ఊహించరాదు.

డేనియల్ బాట్సన్, ఆయన సహచరులు 1986లో ఈ సందేహాన్ని నేరుగా పరీక్షించారు. శ్వేతజాతి విద్యార్థులను చలనచిత్రం చూడడానికి పిలిచి, నల్లజాతి వ్యక్తి ప్రక్కన గాని, శ్వేతజాతి వ్యక్తి ప్రక్కన గాని కూర్చోమన్నారు. రెండు చోట్లా ఒకే చిత్రం ఉన్నప్పుడు, నల్లజాతి వ్యక్తిని తప్పించుకొంటే కారణం బయటపడిపోతుంది. వేర్వేరు చిత్రాలు ఉన్నప్పుడు “నాకు ఆ చిత్రం ఇష్టం” అనే సాకు దొరుకుతుంది. అలా దాగుకొనే అవకాశం ఉన్నచోట, అంతర్గత భక్తి దురభిప్రాయాన్ని తగ్గించినట్లు ఆధారం కనబడలేదు. అంటే ప్రశ్నావళిలో కనబడిన మంచితనంలో కొంత భాగం మంచివారిగా కనబడాలనే కోరిక కావచ్చును. మనలో “కులం పట్టింపు లేదు గాని, అలవాట్లు కలవాలి కదా” అనే మాట అటువంటి వేరే చిత్రమే.

ఈ సందర్భంలో ప్రసంగాలలో తరచుగా చెప్పబడే మరొక పరిశోధనను జాగ్రత్తగా చదవాలి. జాన్ డార్లీ, బాట్సన్ 1973లో ప్రచురించిన ఈ పరిశోధనలో ప్రిన్స్‌టన్ వేదాంత కళాశాల విద్యార్థులు 40 మంది పాల్గొన్నారు. కొందరు మంచి సమరయుని ఉపమానంపై, మరికొందరు వేరే విషయంపై మాట్లాడడానికి మరొక భవనానికి పంపబడ్డారు. దారిలో ఒక వ్యక్తి బాధతో ఒరిగి ఉన్నాడు. తొందర లేనివారిలో 63 శాతం, ఎక్కువ తొందరలో ఉన్నవారిలో 10 శాతం మాత్రమే సహాయం చేశారు. ఉపమానాన్ని ధ్యానిస్తూ వెళ్లడం వలన చెప్పుకోదగిన భేదం కలుగలేదు. దీనిని “వేదాంత విద్యార్థుల వేషధారణ”కు రుజువుగా చెప్పడం సరికాదు. పాల్గొన్నవారు కొద్దిమంది, ఆగకుండా వెళ్లినవారిలో కొందరు కలవరంతోనే గమ్యం చేరారనీ, తమకొరకు ఎదురుచూచేవాని పట్ల బాధ్యతకూ దారిలో ఉన్నవాని అవసరానికీ మధ్య నలిగారనీ పరిశోధకులే భావించారు. పరిస్థితి యొక్క ఒత్తిడి మంచి వైఖరిని కూడ ఓడించగలదన్నదే దీని పాఠం.

4. అంతియొకయలో పేతురు

పరిశుద్ధ గ్రంథం ఈ విషయాన్ని ముందే మన ఎదుట ఉంచింది. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయంలో కొర్నేలీ ఇంట పేతురు వైఖరి మారింది. అది బాహ్య భక్తి కాదు. దర్శనం ద్వారా, ఆత్మ నడిపింపు ద్వారా కలిగిన మార్పు. అయినను గలతీ 2:11–14లో అదే పేతురు అంతియొకయలో అన్యజనులతో భోజనం చేస్తూ, యాకోబు నొద్దనుండి కొందరు రాగానే వెనుకకు తగ్గాడు. అతని సిద్ధాంతం మారినట్లు పౌలు చెప్పడు. భయాన్ని కారణంగా చూపుతాడు. మారుమనస్సు లేకపోవడం కాదు, తన వర్గం ఏమనుకొంటుందో అనే భయం పేతురును బల్లనుండి లేపింది. ఆ ఒక్కని క్రియ మిగిలిన యూదులను, చివరకు బర్నబాను కూడ లాగుకొనిపోయింది. పౌలు ఏకాంతంగా కాక అందరి యెదుట గద్దించడానికి కారణం ఇక్కడే ఉన్నది: బహిరంగంగా ఏర్పడిన కట్టుబాటును బహిరంగంగానే విరగగొట్టాలి.

యాకోబు 2:1లో మన తెలుగు బైబిలు అనువాదకులు ‘మోమాటము’ అనే మాటను వాడారు. ఇప్పటి వాడుకలో అది బిడియం అనే అర్థానికి తగ్గిపోయింది గాని, ఆ మాటలో ‘మోము’ ఉన్నది. ముఖాన్ని చూచి నడచుకోవడం అనే మూలభావాన్ని అది చక్కగా పట్టుకొంది. ఎదుటివాని ముఖం చూచి హెచ్చుతగ్గులు చేయడం, మనవారి ముఖం చూచి సత్యం చెప్పలేకపోవడం – ఈ రెండు అర్థాలు పేతురు విషయంలో కలిసే ఉన్నాయి. ఆల్‌పోర్ట్ విభజనలో రెండవదానికి తగిన చోటు లేదు.

5. కులం విషయంలో ఆల్‌పోర్ట్ పరిమితి

ఆల్‌పోర్ట్ ముఖ్యంగా అధికసంఖ్యాక వర్గం, అల్పసంఖ్యాక వర్గం అనే రెండు పక్షాలను దృష్టిలో ఉంచుకొని వ్రాశాడు. కులం రెండు మెట్ల వ్యవస్థ కాదు. డాక్టర్ అంబేడ్కర్ దానిని శ్రేణీకృత అసమానత అన్నారు. ప్రతి మెట్టుమీద ఉన్నవానికి పైవానిపై ఆక్రోశం ఉన్నా, క్రింద మరొకడు ఉన్నాడనే తృప్తి ఉంటుంది. తెలుగు సంఘంలో అధికభాగం మాల, మాదిగ కుటుంబాలనుండి వచ్చినవారు. గాయపడినవారే. అయినను ఈ రెండు వర్గాల మధ్య కూడ దూరం నిలిచి, అనేక ప్రాంతాలలో మిషనుల సరిహద్దులు, సంఘశాఖల సరిహద్దులు ఆ దూరం వెంబడే ఏర్పడ్డాయి. బాధితుడు, దురభిప్రాయం గలవాడు వేర్వేరు మనుష్యులని అనుకొనే సిద్ధాంతం ఇక్కడ చాలదు.

ఆత్మభావన విషయం కూడ దీనితో ముడిపడి ఉంది. 1940లలో కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతులు జరిపిన బొమ్మల పరిశోధనలో నల్లజాతి పిల్లలలో ఎక్కువమంది తెల్లబొమ్మనే కోరుకొన్నారు. సమాజం వేసిన విలువను పసిమనస్సు తనపై తాను వేసికొంటుంది. 1878 జులై 3న ఒంగోలు మిషను ఆధ్వర్యంలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందినప్పుడు, వారిలో అత్యధికులు మాదిగలు. వారికి దొరికినది పాపక్షమాపణ మాత్రమే కాదు, తమను గూర్చి తాము తలంచుకొనే కొత్త విధానం కూడ. సువార్త ఈ పని చేసింది. కాని తన విలువను క్రింద మరొకరిని చూచుకొని కొలుచుకొనే అలవాటు మిగిలితే, ఆ ఆత్మభావన క్రీస్తునందు స్థిరపడినట్లు కాదు.

6. కలయిక చాలునా?

ఆల్‌పోర్ట్ సూచించిన ప్రధాన పరిష్కారం కలయిక. సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, సహకారం, అధికారుల మద్దతు ఉన్నచోట వర్గాల కలయిక దురభిప్రాయాన్ని తగ్గిస్తుందని ఆయన వాదించాడు. ఈ షరతులు ముఖ్యమైనవి. మన గ్రామాలలో కలయికకు కొరత లేదు. రైతు, కూలీ ప్రతిదినం కలుస్తారు. ఆ కలయిక అసమానతను నేర్పుతుందే గాని తొలగించదు. థామస్ పెట్టిగ్రూ, లిండా ట్రాప్ 2006లో 515 పరిశోధనలను సమీక్షించి, కలయిక వలన సాధారణంగా దురభిప్రాయం తగ్గుతుందనీ, ఆల్‌పోర్ట్ షరతులు ఆ ఫలితాన్ని పెంచుతాయనీ తేల్చారు.

అయితే తరువాతి క్షేత్ర పరిశోధనలు రెండు హెచ్చరికలు చేశాయి. ఉత్తరప్రదేశ్ గ్రామాలలో వివిధ కులాల యువకులతో మాట్ లో నిర్వహించిన క్రికెట్ లీగ్ ఫలితాలు 2021లో వెలువడ్డాయి. ఒకే జట్టులో ఆడినవారిలో కులాంతర స్నేహాలు పెరిగాయి; ప్రత్యర్థులుగా మాత్రమే కలిసినచోట ఆ మేలు కలుగలేదు. ఇరాక్‌లో నిరాశ్రయులైన క్రైస్తవ యువకుల ఫుట్‌బాల్ జట్లలో ముస్లిం ఆటగాళ్లను చేర్చి సల్మా మూసా చేసిన పరిశోధన 2020లో ప్రచురింపబడింది. తమతో ఆడిన ముస్లింల పట్ల క్రైస్తవుల ప్రవర్తన మెరుగైంది. మైదానం వెలుపల పరిచయం లేని ముస్లింల వరకు ఆ మార్పు అంతగా విస్తరించలేదు.

ఈ రెండవ హెచ్చరిక మన సంఘానికి సూటిగా తగులుతుంది. ప్రభువు బల్ల యొద్ద ఒకే రొట్టె తీసికొనే కలయిక ఆ ఆవరణలోనే ఆగిపోవచ్చును. ఆదివారం ఒకే బల్ల, సోమవారం సంబంధం వెదకేటప్పుడు కులం. ఒకే కీర్తనల పుస్తకం, కొన్నిచోట్ల వేర్వేరు సమాధుల స్థలాలు. క్రైస్తవ వివాహ ప్రకటనలలో ‘తిరిగి జన్మించిన’ అనే మాట ప్రక్కనే కులం పేరు కనబడుతుంది. అంబేడ్కర్ 1936లోనే సహపంక్తి భోజనం కులాన్ని తొలగించడానికి చాలదనీ, కులాంతర వివాహమే అసలైన మందనీ, దానికి కూడ అడ్డు నిలిచేది కులానికి మతం ఇచ్చిన పవిత్రత అనీ వ్రాశారు. మన వేదాంతం కులానికి పవిత్రత ఇవ్వదు. కాని మన మౌనం దానికి అనుమతి ఇస్తున్నది.

2022లో హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోని కార్డినల్‌గా నియమింపబడి, ఆ స్థానం పొందిన తొలి దళితుడయ్యారు. ఇది సంతోషించదగిన విషయం. అధికారుల మద్దతు అంటే ఇదే. కాని ఆల్‌పోర్ట్ చెప్పిన కంచె మరమ్మతు ఇక్కడ కూడ జరుగగలదు. ఒకరి ఔన్నత్యాన్ని మినహాయింపుగా లెక్కించి, మిగిలిన వారందరి విషయంలో పాత అభిప్రాయాన్ని ఉంచుకొనవచ్చును.

7. ముగింపు

ఆల్‌పోర్ట్ గ్రంథం చదువదగినది; భక్తి పేరున సాగే ద్వేషాన్ని ఆయన దాచలేదు. కాని దురభిప్రాయాన్ని నామకార్థుల ఖాతాలో వేసి, భక్తిపరులను విడిచిపెట్టే ఉపయోగానికి ఆయన విభజనను మనం వాడరాదు. నిష్ఠగల విశ్వాసి తన సంఘం నేర్పినదాన్ని నిష్ఠతో అనుసరిస్తాడు. సంఘం ఒక పాపానికి పేరు పెట్టి ఖండించినచోట అతడు దానికి దూరమవుతాడు. సంఘం మౌనంగా ఉన్నచోట అతని భక్తి అతన్ని కాపాడదు.

కాబట్టి కాపరులు ప్రశ్నావళి వేసి విశ్వాసుల వైఖరిని కొలవవలసిన పనిలేదు. కొలబద్ద మన చేతిలోనే ఉన్నది. గత పది సంవత్సరాల వివాహ రిజిస్టరు తెరచి, ఎన్ని వివాహాలు కులరేఖను దాటాయో లెక్కించవచ్చును. పెద్దల జాబితా, సమాధుల స్థలం, కాపరి స్వయంగా ఎవరి ఇంట భోజనం చేస్తాడనే విషయం కూడ అలాగే చూడవచ్చును. ఈ లెక్క మన విశ్వాసప్రమాణంతో ఏకీభవించకపోతే, అంతియొకయలో పౌలు చేసినట్లు బల్లయొద్ద, అందరి యెదుట మాట్లాడవలసినవాడు కాపరియే. అతడు కూడ ఎవరి ముఖమైన చూచి వెనుకకు తగ్గితే, బర్నబా వంటి మంచివారు సైతం అతని వెంట లేచిపోతారు.