శ్రమ అనే సంచారి

సంక్రాంతి కబడ్డీ పోటీల్లో మొదటి రోజు ఆట వేరు, ఆఖరి రాత్రి ఆట వేరు. గంపలగూడెంలో ఆ పోటీలు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను. మొదటి రోజు కూతకు వెళ్లే కుర్రాడు నడిగీత దాటకముందే తొడ చరుస్తాడు. అవసరం లేకపోయినా ఎగురుతాడు. చూసేవాళ్లకు అది సరదా. ఆఖరి రాత్రికి ఆ గెంతులన్నీ రాలిపోతాయి. మిగిలేదే ఆట.

ఒక ఫైనల్ నాకింకా కళ్లకు కట్టినట్టుంది. మామిడి పూతకొచ్చిన రోజులు, చలి. జనం ట్రాక్టర్ ట్రక్కుల మీద దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. ఆఖరి కూతకు వెళ్లిన కుర్రాడి మోచేతులు రెండూ చీరుకుపోయి ఉన్నాయి. కూత గొంతులోంచి రావడం మానేసి ఎక్కడో పొట్ట అడుగు నుంచి, సన్నని దారంలా వస్తోంది. అతను పరుగెత్తలేదు. ఒక్కో అడుగూ చూసి చూసి వేశాడు. ఎదుటి జట్టూ దూకలేదు, వాళ్లకూ దూకే ఓపిక లేదు. తోలుబొమ్మలాటలో తెర వెనక చేతులు ఒక్క క్షణం ఆగితే బొమ్మలు ఎలా ఉంటాయో అలా ఉన్నారందరూ. తర్వాత ఒక కాలు చాచడం, ఒక పట్టు, మట్టిలో కుప్ప. అతని చెయ్యి నడిగీతకు జానెడు దూరంలో ఆగింది, దారం తెగింది. అతణ్ణి లేవదీసింది పట్టినవాళ్లే.

భరతుడు నాట్యశాస్త్రంలో ముప్ఫైమూడు సంచారి భావాలు చెప్పాడు. వాటిలో శ్రమ ఒకటి. దూరం నడవడం, వ్యాయామం దానికి కారణాలు. నిట్టూర్పు, ఒళ్లు పట్టుకోవడం, అడుగు మెల్లగా పడడం దాని గుర్తులు. వీరరసానికి స్థాయి ఉత్సాహం. శ్రమ వచ్చిపోయే చుట్టం మాత్రమే. కావ్యంలో అంతే కావచ్చు. టోర్నమెంట్‌లో మాత్రం ఈ చుట్టం వచ్చి ఇంట్లోనే తిష్ట వేస్తుంది. ఉత్సాహం ఎంత గట్టిదో శ్రమ పక్కన నిలబెడితేనే తెలుస్తుంది.

ఈ ఊహ నాకు బలపడింది మాత్రం అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ చూశాక. న్యూజెర్సీలో ఉండే మా అక్క కొడుకు ఒక పాత మ్యాచ్ పంపి, "మావయ్యా, ఇది పూర్తిగా చూడు, మధ్యలో ఆపకు" అన్నాడు. బిగ్ ఈస్ట్ అనే కాన్ఫరెన్స్‌ది అది. కాన్ఫరెన్స్ అంటే కొన్ని కాలేజీల కట్ట. చలికాలమంతా ఒకరి ఊరికి ఒకరు వెళ్లి ఆడుకుంటారు. మార్చిలో అందరూ ఒకే చోట చేరతారు. అక్కణ్ణుంచి ఓడితే ఇంటికే. నెగ్గినవాళ్లకు జాతీయ పోటీల్లో చోటు ఖాయం. 1979లో డేవ్ గావిట్ ఏడు కాలేజీలతో బిగ్ ఈస్ట్‌ను కట్టాడు. 1980లో మొదటి టోర్నీని ప్రావిడెన్స్‌లో జార్జ్‌టౌన్ గెలుచుకుంది. 1983 నుంచి రంగస్థలం న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్. నాటకం ఏటా కొత్తదే, రంగం మాత్రం మారలేదు.

వాడు పంపింది 2009 మార్చి 12 రాత్రి క్వార్టర్ ఫైనల్, సిరక్యూస్‌కూ కనెక్టికట్‌కూ మధ్య. మామూలు ఆట నలభై నిమిషాలు. అది ముగియబోతుండగా సిరక్యూస్ ఆటగాడు ఎరిక్ డెవెన్‌డార్ఫ్ వేసిన బంతి బుట్టలో పడింది. గెలిచామని అతను స్కోరర్ల బల్లెక్కి ఛాతీ విరిచాడు. రిఫరీలు వీడియో చూస్తే, బజర్ మోగేసరికి బంతి ఇంకా వేళ్లనే అంటుకుని ఉంది. స్కోరు 71-71. వీరుడు బల్ల మీంచి కిందికి దిగాడు. అసలు నాటకం అక్కడ మొదలైంది.

అయిదేసి నిమిషాల ఓవర్‌టైమ్‌లు ఆరు పట్టాయి. మొదటి అయిదింటిలో సిరక్యూస్ ఒక్కసారి కూడా ముందుకు రాలేదు. వెనకబడుతుంది, అందుకుంటుంది, మళ్లీ వెనకబడుతుంది. ఇరువైపులా కలిపి ఎనిమిది మంది అయిదు ఫౌళ్లు నిండి బయటికెళ్లారు. ఇక్కడే చూపు నిలపాలి. మూడో ఓవర్‌టైమ్ దాటాక ఎవరూ విన్యాసాలు చెయ్యడం లేదు. ఆట ఆగిన ప్రతిసారీ నడుములు వంగి చేతులు మోకాళ్ల మీదికి చేరుతున్నాయి. విజిల్ పడగానే మళ్లీ లేస్తున్నాయి. ఆ వంగడం, లేవడం మధ్య ఉన్న రెప్పపాటులో నాకు భరతుడి పట్టిక మొత్తం కనిపించింది: శ్రమ, గ్లాని, వాటి వెనకే ధృతి.

సిరక్యూస్ జట్టులో జానీ ఫ్లిన్ అనే కుర్రాడు డెబ్బై నిమిషాల్లో అరవయ్యేడు ఆడాడు. ఫ్రీ త్రో గీత దగ్గర పదహారు వేశాడు, పదహారూ పడ్డాయి. అలసిన చెయ్యి అబద్ధం ఆడకపోవడం కంటే అందమైన అభినయం నేను వేదిక మీద కూడా అరుదుగా చూశాను. బుద్ధి ఎప్పుడో అలసిపోయింది, అభ్యాసం ఒక్కటే మేలుకుని ఉంది. సంగీత విద్వాంసుడికి కచేరీ చివర, రాత్రి బాగా పోయాక, గమకం తనంతట తాను పలికే ఘడియ ఒకటుంటుంది. ఇదీ అలాంటిదే. అయిదో ఓవర్‌టైమ్ చివర స్కోరు 110-110. ఆరోదాంట్లో ఆండీ రౌటిన్స్ దూరం నుంచి మూడు పాయింట్ల బంతి వేసి సిరక్యూస్‌ను ముందుకు తెచ్చాడు. ఆ ఒక్క దెబ్బకు కట్ట తెగినట్టయింది. 127-117. గడియారంలో రాత్రి ఒంటి గంటా ఇరవై రెండు నిమిషాలు.

మర్నాడు సెమీస్‌లో వాళ్లు వెస్ట్ వర్జీనియాను మళ్లీ ఓవర్‌టైమ్‌లోనే గెలిచారు. ఆ తర్వాత ఫైనల్లో 76-66తో లూయీవిల్ చేతిలో ఓడిపోయారు. ఫలితాల పట్టికలో ఆ ఏడు విజేత లూయీవిల్. అయినా టోర్నీలో ఉత్తమ ఆటగాడి బహుమతి ఓడిన ఫ్లిన్‌కే ఇచ్చారు. ఆ తీర్పు ఇచ్చినవాళ్లకు అలంకారశాస్త్రం తెలియకపోవచ్చు, రసం తెలుసు.

రెండేళ్ల తర్వాత, 2011లో, కనెక్టికట్ ఆటగాడు కెంబా వాకర్ ఇదే భావాన్ని అయిదు రోజుల ప్రబంధంగా సాగదీశాడు. లీగ్‌లో తొమ్మిది గెలిచి తొమ్మిది ఓడిన కనెక్టికట్ మీద ఎవరికీ ఆశల్లేవు. అయిదు రోజులు వరసగా ఆడి అయిదూ గెలిచింది. మూడో రోజు పిట్స్‌బర్గ్‌తో స్కోరు సమం, సెకన్లే మిగిలాయి. తనకంటే ఎంతో పొడగరి అయిన గ్యారీ మెగీని ఎదుట నిలబెట్టుకుని వాకర్ ముందుకు ఊగాడు, చటుక్కున వెనక్కి అడుగేశాడు. మెగీ కాళ్లు తడబడి కూలబడ్డాడు. ఖాళీ అయిన గాలిలోకి బంతి లేచింది, బజరుతో పాటే వలలోకి దిగింది. 76-74. వాకర్ పాయింట్లు వరసగా చదవండి: 26, 28, 24, 33, 19. మొత్తం 130. విమర్శకులు ముప్ఫైమూడును మెచ్చుకుంటారు. నాకు చివరి పంతొమ్మిది ఇష్టం. శ్రమ వేలిముద్ర అది. ఆ రాత్రి కనెక్టికట్ లూయీవిల్‌ను గెలిచింది మూడు పాయింట్ల తేడాతో.

రసభంగం అంటే ఏమిటో 2020 మార్చి 12 చూపించింది. కరోనా రోజులు, దాదాపు ఖాళీ గార్డెన్. క్రైటన్‌పై సెయింట్ జాన్స్ 38-35తో ముందుంది. విరామానికి వెళ్లిన జట్లు తిరిగి రాలేదు. టోర్నీ రద్దయింది. ఆ ఏటికి విజేత లేడు. ఆ ఆటలో ఎవరూ ఓడలేదు, ఎవరూ అలసిపోలేదు. అంత వెలితి ఏ ఓటమిలోనూ లేదు.

శ్రమ ఆటగాడి దగ్గరే ఆగదని నాకు ఆలస్యంగా తెలిసింది. అక్క కొడుకు చెప్పినట్టే ఆ 2009 మ్యాచ్ మధ్యలో ఆపకుండా చూశాను. ఆరో ఓవర్‌టైమ్‌కు నా నడుమూ పట్టేసింది, నేనూ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. గంపలగూడెంలో ఆ రాత్రీ అంతే. కుర్రాడు మట్టిలోంచి లేచి చాలాసేపైనా ట్రక్కుల మీంచి ఎవరూ దిగలేదు. తెల్లవారితే వాళ్లకు గేదెల పాలు పితికే పనుంది. దుప్పట్లు దులుపుకుని దిగి, మాట లేకుండా, మెల్లగా అడుగులు వేసుకుంటూ ఇళ్లకు పోయారు.